సిద్దిరాములు చెప్పే ఐబులు

లారీ పని గురించి సిద్దిరాములు నోట ఒక్క మంచి మాట విన్నవాడు హుజూరాబాద్‌లో లేడు. లారీ తోలడం అతని బతుకు, లారీ పనికి ఐబులు చెప్పడం అతని జబ్బు. ఐబంటే లోపం. పశువుల అంగట్లో ఎద్దును అమ్మేవాడు ఐబు దాస్తాడు, కొనేవాడు తోకెత్తి మరీ వెతుకుతాడు. సిద్దిరాములు మాత్రం ఎవరూ అడగకముందే గొంతు సవరించుకుని మొదలుపెడతాడు. ఆఖరి ఐబు దాకా చెప్పిగాని ఊపిరి పీల్చుకోడు. ఎద్దుల విషయంలో అయితే నవ్వి ఊరుకోవచ్చు. కొత్త డ్రైవర్ల కోసం వెతుకుతున్నప్పుడు కూడా ఇదే వరస కావడంతో, అతని యజమాని లింగమూర్తి సేటు నెత్తి మీద ఉన్న నాలుగు వెంట్రుకలూ పలచబడ్డాయి.

లింగమూర్తిది చింతపండు, బెల్లం వ్యాపారం. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, ఇక రోడ్లు బాగుపడతాయని ఎవరో అంటే నమ్మి, ఎడ్లబండ్లను అమ్మేసి ఒక పాత లారీ కొన్నాడు. రోడ్ల సంగతి దేవుడెరుగు, ముందు దాన్ని తోలేవాడు కావాలి కదా. సిద్దిరాములు వచ్చాడు. యాభై దాటిన మనిషి, తెల్లమీసం, ఎండాకాలం కూడా విప్పని ఖాకీ కోటు, టైరు చెప్పులు. ఎక్కడెక్కడ తోలావని సేటు అడిగితే, అది తరవాత, ముందు నా ఐబులు విను అన్నాడు.

"నాకు ఎడమ చెవి వినవడది సేటూ. లారీల నువ్వు కూసుండేది నా ఎడమ దిక్కే. నువ్వెంత తిట్టినా నాకు ఎక్కది. తిట్టాలనుకుంటె బండి ఆపిచ్చి, దిగి, చుట్టు తిరిగి కుడి దిక్కుకు రావాలె."

సేటు నవ్వులాట అనుకున్నాడు. కాదని మొదటి వారంలోనే తెలిసింది. కోపం వచ్చినప్పుడల్లా లారీ ఆపించాలి, దిగాలి, దాని పొడుగు మూతి చుట్టూ తిరిగి కుడి తలుపు దగ్గరకు రావాలి. వచ్చేసరికి సగం కోపం దుమ్ములో కలిసిపోయేది. మిగిలిన సగం తిట్టేసి మళ్లీ ఎక్కితే, సిద్దిరాములు ఎంతో మర్యాదగా అయిపోయిందా అని అడిగి గేరు వేసేవాడు. కొన్నాళ్లకు సేటుకు తిట్టాలంటేనే కాళ్లు నొప్పి పుట్టసాగాయి.

లారీ లాభాల్లో నడిచింది. లాభం చూసినవాడికి ఆశ ఊరుకోదు. సేటు రెండో లారీ కొన్నాడు. దానికి మాత్రం డ్రైవర్ దొరకలేదు. తోలడం వచ్చినవాళ్లే తక్కువ. ఆ వచ్చినవాళ్లు మంచిర్యాల దగ్గరి బొగ్గుబావులకో, కడెం ప్రాజెక్టుకో పోయారు. కొత్తగా నేర్చుకుంటామని ముందుకొచ్చేవాళ్లు అంతకంటే తక్కువ. నిరుడు పత్తి సీజనంతా ఆ లారీ సేటు ఇంటి వెనక రేకుల కొట్టంలో నిలబడింది. సేటు భార్య బాలవ్వ దాని మూతి మీద మిరపకాయలు ఎండబోసింది. స్టీరింగు కింద ఒక కోడి పొదిగి పిల్లల్ని కూడా లేపింది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు టైర్లకు గాలి, బ్యాటరీకి నీళ్లు మాత్రం వేళకు కావాలి.

ఈ ఏడు భైంసా జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూసే మునీం గట్టిగా కబురు పంపాడు. దూది బేళ్లు ఓరుగల్లుకు మోయాలి. రెండు లారీలు నడిపితే సీజనంతా సేటుదే. ఒక్కటే అంటే, ఆ ఒక్కటీ వద్దు, వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. దసరాలోపల తేల్చి చెప్పాలి.

నిజానికి నిరుడే సేటు ఒక్కొక్కరినీ వెతికి పట్టుకున్నాడు. నేర్పమంటే సిద్దిరాములు కాదనలేదు. నేర్పుతాను గానీ ముందు ఆ మనిషి ఇంటికి పోవాలి, ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడాలి అన్నాడు. పిల్లనిచ్చేవాళ్లు ఇల్లు చూసుకోరా, లారీనిచ్చేవాళ్లు మాత్రం చూడొద్దా అని అడిగాడు. సేటుకు ఇది సబబుగానే తోచింది. అదే అతను చేసిన పొరపాటు.

మొదట సమ్మయ్య అనే పడుచువాడి ఇంటికి పోయారు. తండ్రి లేడు, తల్లి బుచ్చవ్వకు ఒక్కడే కొడుకు. ఆమె మంచం వాల్చి, చెంబుతో నీళ్లు తెచ్చిపెట్టింది. సిద్దిరాములు చెంబు ముట్టలేదు. సంబంధం మాట్లాడవచ్చినవాళ్లు మాట తేలేదాకా ఆ ఇంటి నీళ్లు తాగరు, లారీ సంబంధానికైనా అదే మర్యాద అన్నాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు.

"చూడవ్వా, లారీ పని అంటె మొదటి ఐబు బువ్వ. పొద్దున కట్టిన సద్ది మాపటికి పులుస్తది, గదే తినాలె. రెండోది ఇంజన్ వేడి. ఎండకాలం లేదు, చలికాలం లేదు, కాలు పెనం మీద పెట్టినట్టే ఉంటది."

అక్కడినుంచి ఆగలేదు. నడుము నొప్పి వచ్చింది. నిర్మల్ అడవిలో ఎలుగుబంటి వచ్చింది. వానాకాలం వాగుకు ఈవలే కూర్చుని దాన్ని చూస్తూ ఉండడం వచ్చింది. దారిలో కోడి అడ్డమొచ్చి చస్తే, బతికున్నప్పుడు దానివైపు చూడనివాళ్లు కూడా వచ్చి, ఊరికెల్లా అంతటి కోడి లేదని ఏడ్వడం వచ్చింది. బోనాలకు ఉండడు, బతుకమ్మకు ఉండడు, చుట్టాలు చస్తే దినాలకు కూడా అందడు. డ్రైవరంటే పిల్లనివ్వరు, ఇచ్చినా ఆ పిల్ల ఊరుకోదు. ఇవన్నీ అయ్యాక వేలెత్తి పక్కన కూర్చున్న సేటును చూపించాడు.

"ఆఖరు ఐబు గీ సేటు. మనిషి మంచోడే. టైరు పంచరయితె మాత్రం నేనే కొరికినట్టు చూస్తడు."

బుచ్చవ్వ కొడుకు రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. సిద్దిరాములు అప్పుడు చెంబెత్తి గటగటా నీళ్లన్నీ తాగాడు. ఎటో ఒకటి తేలింది కదా, ఇక దాహానికి అడ్డేముంది. బయటికి రాగానే సేటు అతని కుడివైపుకు వచ్చి, వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు, నువ్వు ఒక్కటి కూడా ఆడలేవా అని నిలదీశాడు.

"పెండ్లికి అబద్ధం చెల్లుతది సేటూ," అన్నాడు సిద్దిరాములు. "బిరేకుకు చెల్లది."

రెండోసారి మిషన్ కాంపౌండు పక్కన ఉండే దేవదానం ఇంటికి పోయారు. మెథడిస్టు కుటుంబం. తల్లి రాహేలమ్మ అంతా ఓపికగా విని, ఆదివారం గుడికి పంపుతారా అని ఒక్కటే అడిగింది. ఏది ఆదివారమో ఏది బుధవారమో లారీకి తెలియదని సిద్దిరాములు చెప్పాడు. ఆమె వాళ్లిద్దరి కోసం ప్రార్థన చేసి పంపించింది. ప్రార్థన అయ్యేదాకా సేటు కళ్లు మూసుకునే పళ్లు కొరికాడు.

మూడోవాడు అంతయ్య. సేటుకు ఇప్పటికీ కడుపుమంట తెప్పించేది ఈ మూడోవాడే. కడెం ప్రాజెక్టు దగ్గర మట్టి లారీ తోలి, లైసెన్సు కూడా తెచ్చుకున్న మనిషి. నేర్పే పనే లేదు, తాళంచెవి చేతికిస్తే చాలు. అంతయ్య భార్య సమ్మక్క చంకలో పసిపిల్లతో గడప దగ్గర నిలబడి వింది. సిద్దిరాములు ఎలుగుబంటి దాకా వచ్చేసరికి సేటు ఇక వినలేక లేచిపోయి రోడ్డు మీద నిలబడ్డాడు. కాసేపటికి సిద్దిరాములు మీసాలకు అంటిన నీళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. నీళ్లు తాగాడంటే మాట తేలిందన్నమాట, వెంట అంతయ్య లేడంటే సంబంధం తప్పిందన్నమాట.

ఆ తరవాత ఊళ్లో ఎవరి ఇంటి ముందు సిద్దిరాములు ఆగినా తల్లులు కొడుకుల్ని దాచుకోసాగారు. లారీ మీద క్లీనర్ కూడా నిలవలేదు.

దసరా దగ్గరపడింది. సేటు తనే భైంసాకు బయలుదేరాడు. మునీం కాళ్లావేళ్లా పడి గడువు అడగాలి, లేదంటే అక్కడే ఎవడో ఒక డ్రైవర్‌ను పట్టుకోవాలి. దొరికితే ఈ ముసలాయన్ను కూడా ఇంటికి పంపేయాలని మనసులో గట్టిగా అనుకున్నాడు. క్లీనర్ లేడు గనక ఎత్తు మీద ఆగినప్పుడల్లా చక్రం కింద రాయి పెట్టే పని ఆయనకే పడింది. పట్టు ధోవతి కట్టుకుని రాయి మోస్తున్న సేటును చూసి కరీంనగర్ జనం ఆగి మరీ నవ్వారు.

కరీంనగర్‌లో బియ్యం ఎత్తుకోవాలి. మిల్లు ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. సేటు లారీ మాత్రం ఆగకుండా లోపలికి పోయింది. ఇది కొత్త కాదు. లింగమూర్తి లారీ ఎక్కడా వరసలో నిలబడదని తోటి వ్యాపారులు కుళ్లుకునేవారు, అది తన పరపతి అని సేటు మీసం దువ్వుకునేవాడు. ఈసారి మిల్లు తలుపు తెరిచిన మనిషిని చూసి ఆయన చెయ్యి మీసం మీదే ఆగింది. సమ్మయ్య. లారీ వద్దన్న మర్నాడే సిద్దిరాములు తనను ఇక్కడికి తెచ్చి పనికి కుదిర్చాడని, తల్లిని కూడా తెచ్చుకున్నానని, పూటపూటా ఇంటికే పోయి తింటున్నానని చెప్పి, బుచ్చవ్వ పంపిన సర్వపిండి గుడ్డలో కట్టి ఇచ్చాడు.

జగిత్యాల దాటాక ఒక మిషన్ బడి ముందు దేవదానం చెయ్యి ఎత్తాడు. అక్కడ తోటపనికి ఉన్నాడు. అదీ సిద్దిరాములు మాట సాయమే. ఆదివారం గుడి ఆ తోటలోనే ఉంది. ఒడినిండా జామపండ్లు పోశాడు. సేటు జామపండు తింటూ, తన పరపతి అంతా ఈ ముసలాయన పరపతేనని మెల్లగా లెక్క తేల్చుకున్నాడు.

మర్నాడు పొద్దున సోన్ దగ్గర గోదావరి వంతెన దాటగానే సేటు లారీ ఆపమన్నాడు. దిగాడు, చుట్టూ తిరిగాడు, కుడి తలుపు దగ్గరకు వచ్చాడు. సిద్దిరాములు అలవాటు ప్రకారం తిట్లకు తల వంచాడు. తిట్లు రాలేదు.

"సిద్దన్నా, వద్దన్నోళ్లకు పని చూపెట్టినవు. నా లారీకి ఒక్కన్ని ఎందుకు చూపెట్టవే?"

సిద్దిరాములు ఇంజన్ ఆపాడు.

"నాకెవలు ఐబులు చెప్పలే సేటూ. లారీ అంటె కోటు, హారను, ఊరూరు తిరుగుడు అనుకున్న. మా పెద్దబిడ్డ పండుకున్నంక ఇంటికి పోయేది, లేవకముందే వచ్చేది. ఒక్కనాడు పొద్దుండంగ పోయిన. వాకిట్ల ఆడుకుంటున్నది. నన్ను చూసి లోపలికి ఉరికి, అవ్వా, ఎవరో వచ్చిండు అన్నది. నా పెండ్లాం పోశవ్వ కంచంల బువ్వ పెట్టింది. గా పూట బువ్వ లోపలికి పోలేదు."

సేటు కూడా ఇద్దరు బిడ్డల తండ్రే. ఆయన కోపమంతా ఆ ఒక్క మాటకు చల్లారిపోయింది, దాని జాగాలో సిగ్గు వచ్చింది. అయితే ఎప్పటికీ ఎవరినీ పెట్టవా అని మెల్లగా అడిగాడు. పెడతానన్నాడు సిద్దిరాములు. అన్నీ విని కూడా ఒక ఆడమనిషి సరేనంటే ఆ ఇంటివాడిని పెడతాడు. మగవాళ్లను అడిగి లాభం లేదు, వాళ్లకు హారను వినబడితే చాలు.

భైంసా మిల్లుకు చేరేసరికి మునీం భోజనానికి పోయి ఉన్నాడు. బేళ్లు తూచే కాంటా దగ్గర అంతయ్య ఉన్నాడు. అతన్ని చూసి సేటు ఆశ్చర్యపోలేదు, అప్పటికి అలవాటైపోయింది. అంతయ్య వాళ్లిద్దరినీ భోజనానికి ఇంటికి తీసుకుపోయాడు. సమ్మక్క జొన్నరొట్టెలు కొట్టి పెట్టింది. నిరుడు చంకలో ఉన్న పిల్ల ఇప్పుడు ఇల్లంతా ఉరుకుతూ, మధ్యమధ్య వచ్చి తండ్రి నోట్లో రొట్టెముక్క కుక్కి పోతోంది.

"నిరుడు గీ తాత నన్ను ఒక్కటే అడిగిండు," అంది సమ్మక్క సేటుతో. "పిల్ల నిన్ను కాక ఇంకెవలనన్న గుర్తువడుతదా అని. ఇంకా లేదు అన్న. గుర్తువట్టినంక చూద్దాం బిడ్డా అని నీళ్లు తాగి పోయిండు. ఇప్పుడు పిల్లకు బాపు ఎవలో ఎర్కే. మా ఆయనకు కాంటా కాడ కూసుంటె పొద్దు పోతలేదు, లారీ సప్పుడు వింటె లేచి నిలవడుతుండు. జెప్పుండ్రి, లారీ పని ఎట్లుంటది?"

సిద్దిరాములు గొంతు సవరించుకోలేదు. నీళ్ల చెంబు ముట్టకుండా, రొట్టె తుంచుకుంటూ సేటు వైపు చూశాడు. అంతయ్య కూడా ఆశగా సేటు వైపే చూశాడు.

లింగమూర్తి వ్యాపారి. పుచ్చు చింతపండును కూడా కొన్నవాడు నోరూరించుకుంటూ పోయేలా అమ్మగలడు. ఇక్కడ నాలుగు తియ్యని మాటలు చెబితే చాలు, డ్రైవర్ దొరికినట్టే, సీజన్ దక్కినట్టే. చెబుదామనే నోరు తెరిచాడు. అంతలో పిల్ల వచ్చి తండ్రి మోకాలెక్కి కూర్చుంది. సేటు నోట్లో తియ్యని మాటలు ఎటు పోయాయో ఆయనకే తెలియలేదు.

"బువ్వ సరింగ ఉండది బిడ్డా," అన్నాడు. "కాళ్లు కాలుతయి, నడుము పడిపోతది. వాగు వస్తె ఇంటికి ఎప్పుడు వస్తడో చెప్పరాదు. జరమొచ్చినా బండి ఆగది. సిద్దన్నకు తెల్వని ఐబు ఇంకోటుంది. బండి నిలవడ్డనాడు నాకు నిద్ర పట్టది, నేను ఎవలను నిద్ర పోనియ్య. ఆఖరు ఐబు నేనే."

సిద్దిరాములు రొట్టె నమలడం మానేశాడు. సమ్మక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా పెండ్లికి ముందు గీయన ఐబు ఒక్కటన్న ఎవలు చెప్పలే. వచ్చినంక ఒక్కొక్కటి నేనే ఏరుకున్న. ఇన్ని చెప్పినోళ్లు మోసం జెయ్యరు. పంపుత. కాని ఒక్క మాట. వారానికొక్క దినం అంగడినాడు పొద్దుండంగ ఇంట్ల ఉండాలె. పిల్లను ఎత్తుకొని అంగడికి పోవాలె. గా దినం మీ లారీ మీకు లేదనుకోండ్రి."

సీజన్‌లో వారానికొక రోజు లారీ నిలబెడతానంటే ఏ మిల్లు ఒప్పుకుంటుంది. అయినా సేటు సరేనన్నాడు. అనేశాక గాని ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

మునీం వచ్చి గద్దె మీద కూర్చుని తాంబూలం నములుతున్నాడు. రెండు లారీలు నడుస్తాయని సేటు చెప్పాడు. మునీం సంతోషించాడు. అంతటితో లేచి వస్తే సరిపోయేది. కానీ సేటుకు గొంతులో దురద పుట్టింది. ఆ దురద ఎక్కడినుంచి అంటుకుందో పక్కనున్న ఖాకీ కోటును చూస్తే తెలుస్తుంది.

"నా రెండో లారీకి ఒక ఐబు ఉన్నది మునీంజీ. అంగడినాడు నడువది."

మునీం నమలడం ఆపాడు. ఒకసారి కిటికీలోంచి మిల్లు ఆవరణ వైపు చూసి, పకపకా నవ్వాడు.

"అరె భావూ, అంగడినాడు పత్తి బండ్లతోటి గేటు కాడ ఇసుక వేస్తె రాలది. నీ లారీ వచ్చినా లోపలికి ఎట్ల వస్తది? మిగతావాళ్లు వస్తం వస్తం అని నిలవడి నన్ను పరేషాన్ చేస్తరు. నువ్వొక్కడివే రాను అన్నవు. పో, సీజన్ నీదే. ఇంకేమన్న ఐబు ఉన్నదా?"

ఉన్నాయన్నట్టు సిద్దిరాములు గొంతు సవరించుకున్నాడు. సేటు అతని కోటు పట్టుకుని బయటికి లాక్కుపోయాడు.

దసరా అయింది. రేకుల కొట్టంలోంచి కోడిని వెళ్లగొట్టి, మిరపకాయలు దులిపి, రెండో లారీని రోడ్డెక్కించారు. పని కుదిరాక మొదటి అంగడినాడు సేటూ సిద్దిరాములూ భైంసాలోనే ఉన్నారు, అంతయ్య ఇంటి అరుగు మీద కూర్చుని అతని కోసం చూస్తున్నారు. పొద్దు నడినెత్తికి రాకముందే వీధి మొదట్లో హారను మోగింది. లోపలినుంచి పిల్ల గడప దాటి ఉరికి వచ్చి, కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, వెనక్కి తిరిగి అరిచింది.

"అవ్వా, లారీ వచ్చింది. అండ్ల బాపు గూడ ఉన్నడు."

సిద్దిరాములు పక్కకు వంగి సేటు భుజం తట్టాడు.

"కొత్త ఐబు దొరికింది సేటూ. పోరి బాపు కన్న ముందు లారీని గుర్తువట్టింది."

"దీన్ని గూడ చెప్పాల్నా?" అన్నాడు సేటు.

"దీన్నే మొదలు చెప్పాలె," అన్నాడు సిద్దిరాములు. తరవాత, మాట ఇప్పటికి తేలిందన్నట్టు, లోపలికి వినబడేలా ఒక చెంబెడు నీళ్లు తెమ్మని సమ్మక్కను అడిగాడు.